నడినెత్తిన కిటికీ

మే నెల మొదటి వారం చివర్లో ఒక రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి, నూజివీడులో నిలువుగా పాతిన గునపానికి నీడ కనిపించదు. ఊరు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ ఆ రోజుల్లో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. తిరిగి దక్షిణానికి మళ్లేటప్పుడు ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి వస్తాడు. మామిడి తోటల్లో బంగినపల్లి కోత ముమ్మరంగా సాగేదీ, రసాలు రంగు తిరిగేదీ ఆ మే నెలలోనే. కాయ అమ్మిన డబ్బు చేతికొచ్చి, ఇంట్లో కారు మాట మొదలయ్యేదీ అప్పుడే.

ఈ వేసవిలో మా చెల్లెలింట్లో ఆ మాట వచ్చింది. మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, ఒకే బండి, రెండు వేరియంట్లు. దాదాపు ఒకే ధర. ఒకదానికి సన్‌రూఫ్ ఉంది, గేర్లు చేత్తో వేసుకోవాలి. ఇంకోదానికి సన్‌రూఫ్ లేదు, ఆటోమేటిక్. ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సన్‌రూఫ్ ఉన్న కారును ఏడేళ్లుగా నేనే నడుపుతున్నాను. దానివల్ల దక్కిన సంతోషమూ తెలుసు, పడ్డ ఇబ్బందీ తెలుసు. అయినా ఒక్క నా కారును చూసి తీర్పు చెప్పడం సరికాదనిపించింది. అందుకే ఈ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ చూడాలని కూర్చున్నాను.

ముందుగా సన్‌రూఫ్ ఎక్కడ పుట్టిందో చూద్దాం. అమెరికాలో నాష్ కంపెనీ 1937లోనే కారు పైకప్పులో జరిపే తలుపు పెట్టి అమ్మింది. జర్మనీలో మ్యూనిక్ పక్కన స్టాక్‌డార్ఫ్‌లో ఉన్న వెబాస్టో కంపెనీ 1930లలోనే మడత పైకప్పులు చేసింది. నేటికీ ప్రపంచంలో సన్‌రూఫ్ తయారీకి పెద్ద పేర్లలో అదొకటి. మ్యూనిక్ 48 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 18 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. నడివేసవిలో సైతం 65 డిగ్రీల దగ్గరే ఆగుతాడు. నెలల తరబడి మబ్బు కింద బతికే మనుషులకు కారులోకి కాస్త వెలుగు దిగడం నిజమైన అవసరం. అక్కడి వాళ్లు ఎండను వెతుక్కుంటూ బయటికి వస్తారు. మనం చెట్టు నీడ చూసుకుని బండి ఆపుతాం. ఒకే వస్తువు రెండు చోట్ల రెండు పనులు చేస్తుందన్న మాటను ఈ చర్చ పొడవునా గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో చాలాకాలం సన్‌రూఫ్ ఖరీదైన కార్లకే పరిమితం. మా చిన్నప్పుడు కారు పైకప్పు అంటే అంబాసిడర్ నెత్తిన బిగించిన ఇనుప క్యారియర్. మే నెలలో హైదరాబాదు చుట్టాలు వచ్చి వెళ్తుంటే ఆ క్యారియర్ మీద వరిగడ్డి పరిచి, రసాల బుట్టలెక్కించి, తాళ్లతో బిగించి పంపేవాళ్లం. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత అయిదారేళ్లలో పైకప్పు పని మారిపోయింది. 2019లో ఎంజీ హెక్టర్ వెడల్పాటి పనోరమిక్ సన్‌రూఫ్‌తో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, దాని పై వేరియంట్లలోనూ సన్‌రూఫ్ ఉంది. తెలుగు నేల మీద తయారైన కారుకు తెలుగు నేల ఆకాశం చూపే కిటికీ అన్నమాట. 2020లో హ్యుందాయ్ క్రెటాకు పనోరమిక్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో టాటా వాళ్లు నెక్సాన్‌లో ఎక్స్‌ఎం ఎస్ అనే వేరియంట్ తెచ్చారు. ఆ చివరి ఎస్ సన్‌రూఫ్‌కు గుర్తు.

నా లెక్కలో అసలు మలుపు ఆ ఎస్ అక్షరమే. అప్పటిదాకా సన్‌రూఫ్ కావాలంటే చాలావరకు పై మోడలే కొనాల్సి వచ్చేది. దానితో పాటు మిగతా సౌకర్యాలన్నీ వచ్చేవి. ఇప్పుడు మధ్య మోడల్‌కే సన్‌రూఫ్ తగిలించి అమ్ముతున్నారు. 2022లో మారుతి బ్రెజాకు, 2023లో ఆల్ట్రోజ్, ఎక్స్‌టర్ లాంటి చిన్న కార్లకు, 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు వరుసగా సన్‌రూఫ్ వచ్చింది. ఇప్పుడు ప్రశ్న సన్‌రూఫ్ కావాలా వద్దా అన్నది కాదు, దానికోసం దేన్ని వదులుకుంటున్నావు అన్నది. వెనక ఏసీ గాలి మార్గాలా, వెనక అద్దం తుడిచే వైపరా, ఆటోమేటిక్ గేరా, గాలి ఊదే సీట్లా? మేనల్లుడికి ఎదురైన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే.

జనం సన్‌రూఫ్‌ను ఎందుకు కోరుకుంటున్నారో చిన్నచూపు లేకుండా చూడాలి. "గొప్పకోసం" అని ఒక్క మాటతో తోసేసే పెద్దలను నేను చాలామందిని చూశాను. అందులో న్యాయం లేదు. ముందు సీటు వాళ్లకు ఎదురుగా పెద్ద అద్దం ఉంటుంది. వెనక కూర్చునే అమ్మకూ పిల్లలకూ కనిపించేది ముందు సీటు వీపు. ఇప్పటి కార్ల పక్క కిటికీలు కురచ, లోపలి రంగు నలుపు. అలాంటి కారులో వెనక సీటు మీదికి వెలుగు దిగితే లోపల చోటు పెరిగినట్టనిపిస్తుంది. ప్రయాణంలో కడుపులో తిప్పే పిల్లలకు ఆ వెలుగుతో, గాలితో కాస్త హాయి ఉంటుందని చాలామంది తల్లులు చెబుతారు. మా మనవరాలి విషయంలో నేనూ చూశాను.

ఇంకో కారణం మన కళ్లలో నాటుకున్న దృశ్యాలు. వాహనం పైన నిలబడి జనానికి చేతులూపే మనిషి తెలుగువాడికి కొత్త కాదు. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, చైతన్యరథమని పేరు పెట్టి, దాని మీదెక్కి ఊరూరా తిరిగారు. అప్పటి నుంచి ఎన్నికల రోడ్డు షోలన్నిటికీ అదే నమూనా. ఇప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో కొత్త దంపతులు సన్‌రూఫ్ లోంచి పైకి లేచి అక్షింతలు వేయించుకుంటున్నారు. బండి నడక వేగంతో కదిలేటప్పుడు, ఊరి మధ్య వీధిలో, అది ముచ్చటైన సన్నివేశమే. ఆ ముచ్చటను హైవే మీద కొనసాగించడంతోనే చిక్కు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఎండ. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నేల మీద ఒక చదరపు మీటరుపై సుమారు 1000 వాట్ల వేడి పడుతుంది. ఇంట్లో వాడే ఇస్త్రీపెట్టె పూర్తి సెగతో పనిచేస్తే దాదాపు అంత. సన్‌రూఫ్ గాజుకు రంగు ఉంటుంది, కొంత వేడిని వెనక్కి కొడుతుంది, కింద జరుపుకునే తెర ఉంటుంది. అంటే ఆ వెయ్యి వాట్లూ లోపలికి రావు. ఇనుప పైకప్పు కూడా వేడెక్కకుండా ఉండదు. అయితే ఇనుప రేకు కింద దట్టమైన లైనింగు ఉంటుంది, ఎండ నేరుగా తల మీద పడదు. గాజు కింద ఒక పలచని తెరే దిక్కు. కొన్ని కార్లలో ఆ తెర వెలుగును ఆపని గుడ్డ మాత్రమే. తెర మూసినా, మే మధ్యాహ్నం నా కారులో చెయ్యి పైకెత్తి తెరకు దగ్గరగా పెడితే సెగ తెలుస్తుంది.

చలిదేశాల వాళ్ల లెక్కలు మనకు పనికిరాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మ్యూనిక్‌లో ఎండ ఏటవాలుగా వస్తుంది, పక్క కిటికీలోంచి దూరుతుంది, పైగాజు మీద పలచగా పరుచుకుంటుంది. నూజివీడులో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు నిటారుగా దిగుతుంది. పక్క కిటికీలకు ఆ వేళ నీడ దొరుకుతుంది, పైగాజుకు మాత్రం ఎక్కడా దొరకదు. కారులో ఎండ ఎక్కువగా తగిలే చోటే మనం గాజు పెట్టుకున్నామన్నమాట.

ఎండలో ఆపి ఉంచిన కారు సంగతి వేరే చెప్పాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశీలనలో, ఎండ కాసే రోజుల్లో మూసి ఉంచిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. కిటికీ అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి సన్‌రూఫ్ కొద్దిగా లేపి ఉంచితే కారు చల్లగా ఉంటుందనుకుని, పసిపిల్లను లోపల ఉంచి దుకాణంలోకి వెళ్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. సన్‌రూఫ్ వల్ల మేలు ఇంకో సమయంలో ఉంది. ఎండలో నిలిచిన కారు తలుపు తీయగానే సన్‌రూఫ్ పూర్తిగా తెరిచి, అద్దాలు దించి, ఒక్క నిమిషం నడిపితే లోపలి వేడి గాలి పైనుంచి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏసీకి పని సులువవుతుంది. ఈ ఒక్క పనిలో సన్‌రూఫ్ నాకు నిజంగా ఉపకరించింది.

ఇప్పుడు మామిడిచెట్టు కింద కారు. ఈ భాగం బయటి ఊళ్ల సమీక్షల్లో దొరకదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సన్‌రూఫ్ నీళ్లు చొరబడకుండా బిగుసుకునే మూత అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గాజు చుట్టూ రబ్బరు ఉంటుంది గానీ, దాన్ని దాటి కొంత నీరు రావడం ఖాయమని తయారీదారులకు తెలుసు. అందుకే గాజు చుట్టూ కింద ఒక చిన్న కాలువ పెడతారు. ఆ కాలువ మూలల్లోంచి సన్నటి గొట్టాలు బయలుదేరి, ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి, వెనక స్తంభాల్లోంచి కిందికి దిగి, కారు అడుగున నీళ్లు వదులుతాయి. మిద్దె మీద వాననీరు పోయే తూముల్లాంటివే ఇవి. తూములో ఆకు అడ్డం పడితే మిద్దె ఏమవుతుందో కారు కప్పూ అదే అవుతుంది.

మా ఊళ్లో ఆ ఆకు మామిడిపూత. డిసెంబరు చివర్నుంచి పూత మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. ఒక్కో పూగుత్తిలో వందల పూలు ఉంటాయి. వాటిలో పిందె కట్టేవి కొన్నే, మిగతావన్నీ రాలతాయి. చెట్టు కింద రాత్రంతా నిలిపిన కారు తెల్లవారేసరికి ఇసుక చల్లినట్టుంటుంది. పూతతో పాటు తేనెమంచు పురుగు వస్తుంది. అది పూత రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది, ఆ జిగురు సన్నటి తుంపరలా కింద ఉన్న దేనిమీదైనా పడుతుంది. తర్వాత దాని మీద నల్లటి మసి పడుతుంది. ఎండిన పూత, జిగురు, ఎర్ర గరప నేల దుమ్ము, మూడూ కలిసి సన్‌రూఫ్ కాలువలో చేరి ఎండితే గొట్టం నోట్లో బిరడా తయారవుతుంది.

నా కారుకు జరిగింది ఇదే. మూడో ఏడు జూన్‌లో, తొలకరి జల్లుకు, డ్రైవరు సీటు పైన లైనింగులో ఒక మరక కనిపించింది. పొగాకు రంగు మరక. గట్టిగా బ్రేకు వేసినప్పుడు అద్దం పైనుంచి రెండు చుక్కలు నా ఒళ్లో పడ్డాయి. షెడ్డుకు తీసుకెళితే రబ్బరు మార్చాలన్నారు, మార్చారు, డబ్బు తీసుకున్నారు. మళ్లీ వాన, మళ్లీ మరక. రెండోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ గాజు వెనక్కి జరిపి, చిన్న గ్లాసుతో నాలుగు మూలల్లో నీళ్లు పోసి చూశాడు. మూడు మూలల నీళ్లు కారు కిందికి కారాయి. నాలుగో మూలలో నీళ్లు నిలిచిపోయాయి. మెత్తటి నైలాను తీగతో నెమ్మదిగా పొడిచి లాగితే, వేలెడు పొడవున నల్లటి ఉండ వచ్చింది. వాసన చూశాను. మామిడిపూత వాసన ఇంకా ఉంది.

ఆ రోజు ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇప్పటికీ పాటిస్తున్నాను. గాలి యంత్రంతో గట్టిగా ఊదకూడదు, లోపల గొట్టం కొస ఊడిపోతే నీళ్లు నేరుగా స్తంభంలోకి, అక్కడి వైర్ల మీదికి పోతాయి. గట్టి ఇనుప తీగ పెట్టకూడదు, గొట్టం చిరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు, పూత రాలిన తర్వాత ఒకసారీ తొలకరికి ముందు ఒకసారీ, గ్లాసు నీళ్ల పరీక్ష చేయాలి. తడిగుడ్డతో కాలువ తుడవాలి. జరిగే పట్టాలకు కంపెనీ చెప్పిన గ్రీజే పెట్టాలి, చేతికందిన నూనె పోస్తే దుమ్ము పట్టి పట్టా అరుగుతుంది. రబ్బరు ఎండకు ఎండిపోకుండా సిలికాన్ పూత రాయాలి. ఇవి కష్టమైన పనులు కావు. అమ్మేటప్పుడు షోరూంలో ఎవరూ చెప్పరు, అంతే. ఈ ఒక్క వివరం తెలిసి ఉంటే తోటల ఊళ్లలో సన్‌రూఫ్ ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

సొన సంగతీ చెప్పాలి. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే ఆ పాలు కాయ తోలునే నల్లగా మాడుస్తాయి, చేతుల మీద పడితే బొబ్బలెక్కిస్తాయి. కారు రంగు మీద పడి ఎండలో ఆరితే మచ్చ వదలదు. గాజు మీద పడితే గీకి తీయొచ్చు గానీ, అంచు రబ్బరు మీద పడితే మిగిలేది గట్టిపడ్డ జిగురు. ఇక ఏప్రిల్, మే గాలివానల్లో కాయ రాలడం ఉండనే ఉంది. బంగినపల్లి పచ్చికాయ పావు కిలో పైబడి ఉంటుంది. మామూలు దెబ్బను సన్‌రూఫ్ గాజు తట్టుకుంటుంది, ఇనుప రేకుకైతే సొట్ట పడుతుంది. వడగళ్లూ కొబ్బరికాయలూ వేరే లెక్క. అయితే గాజు పగిలిన రోజున బాధ సొట్టతో పోల్చేది కాదు. టెంపర్డ్ గాజు ఒక్కసారిగా గులకల్లా విడిపోతుంది, ల్యామినేటెడ్ గాజు పగిలినా రెండు పొరల మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర దాన్ని పట్టి ఉంచుతుంది. మీరు చూస్తున్న కారుకు ఏ గాజు వేశారో అడగడం మీ హక్కు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2017లో జరిపిన పరిశీలనలో, సన్‌రూఫ్ గాజులు పగిలాయంటూ అక్కడి రహదారి భద్రతా సంస్థకు అప్పటికి 850కి పైగా ఫిర్యాదులు చేరినట్టు తేలింది. తిరిగే కార్ల సంఖ్యతో పోలిస్తే అది చిన్న అంకే. కానీ లేని భయం కాదని చెప్పడానికి చాలు.

భద్రత గురించి ఒక మాట కఠినంగానే చెప్పాలి. 2025 సెప్టెంబరులో బెంగళూరులో, నడుస్తున్న కారు సన్‌రూఫ్ లోంచి తల బయటపెట్టి నిలబడ్డ ఓ పిల్లవాడి తల, పెద్ద వాహనాలను ఆపేందుకు రోడ్డుకు అడ్డంగా కట్టిన ఇనుప కమానుకు తగిలింది. ఆ వీడియో దేశమంతా చూసింది. మన దారుల్లో అలాంటి కమాన్లు రైలు వంతెనల దగ్గర ఉన్నాయి. అంతకంటే ఎక్కువగా, ఆగిరిపల్లి వైపూ ముసునూరు వైపూ రోడ్డు మీదికి వంగిన మామిడికొమ్మలున్నాయి, వేలాడే కేబుల్ టీవీ తీగలున్నాయి. నడిపే మనిషికి కొమ్మ కారు పైకప్పుకు తగలదని తెలుస్తుంది, పైన అడుగున్నర ఎత్తున పిల్లవాడి తల ఉందన్నది ఆ క్షణంలో గుర్తు రాదు. సడెన్ బ్రేకు పడితే నిలబడ్డ పిల్లవాడి కడుపు గాజు అంచుకు కొట్టుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో తగిన పిల్లల సీటో లేకుండా తీసుకెళితే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి పక్కన పెట్టండి. సన్‌రూఫ్ ఉన్న కారు కొన్న ఇంట్లో మొదటి రోజే పిల్లలకు ఒక మాట చెప్పాలి, బండి కదులుతుంటే పైకి లేవకూడదని. ఆ మాట మీద నిలబడలేమనుకునే వాళ్లు సన్‌రూఫ్ లేని కారు తీసుకోవడమే మంచిది. నేను ఇందులో సర్దుబాటు చెప్పలేను.

కారు పల్టీ కొడితే గాజు పైకప్పు కూలిపోతుందన్న భయం మాత్రం చాలావరకు అపోహ. పైకప్పు బలం పక్క స్తంభాల్లో, అంచు దూలాల్లో ఉంటుంది, కంపెనీ అమర్చే సన్‌రూఫ్ చుట్టూ అదనపు చట్రం ఉంటుంది. బెల్టు పెట్టుకోని మనిషి ఆ దారిన బయటికి విసిరిపడటమే అసలు ప్రమాదం. బయట దుకాణాల్లో పైకప్పు కోయించి పెట్టించుకునేది మాత్రం వద్దే వద్దు. కంపెనీ నిర్మాణాన్ని మార్చకూడదని చట్టంలో 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. వారంటీ పోతుంది, బీమా క్లెయిము చిక్కుల్లో పడుతుంది, కోసిన రేకు తుప్పు పడుతుంది.

వరదలో చిక్కుకుంటే సన్‌రూఫ్ బయటపడే దారి అవుతుందన్న వాదన 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక మా వైపు బాగా వినిపించింది. బుడమేరు పుట్టేది మైలవరం కొండల్లో, మాకు దూరమేమీ కాదు. వాదనలో కొంత నిజముంది. కరెంటు పనిచేస్తున్నంత సేపు గాజు తెరుచుకుంటుంది, పైనుంచి బయటికి రావచ్చు. నీళ్లు వైర్లకు తగిలాక మోటారు కదలదు. అప్పుడు ల్యామినేటెడ్ పైగాజు పగలగొట్టడం దాదాపు అసాధ్యం, పక్క కిటికీ పగలగొట్టడమే తేలిక. దీనికోసం సన్‌రూఫ్ కొనక్కర్లేదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కొని సీటు పక్కన పెట్టుకుంటే చాలు.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మిగిలిన ఆ డబ్బుతో ఒక మెట్టు పై వేరియంట్‌కు వెళ్లమని షోరూంలో చెబుతారు, ఆ మెట్టులో చాలాసార్లు ఉండేది సన్‌రూఫే. వెళ్లొచ్చు. అయితే ఆ పై మెట్టులో ఇంకేమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకుని చూడాలి. బీమాలో గాజుకు తరుగు కోత లేదు, రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ 50 శాతం కోత ఉంటుంది. గొట్టం మూసుకుపోయి నీళ్లు కారితే అది వాడకంలో వచ్చిన లోపమంటారు, బీమా సాయపడదు. తిరిగి అమ్మేటప్పుడు మూడు నాలుగేళ్ల కారుకు సన్‌రూఫ్ ఉంటే కొనేవాళ్లు ముందుకొస్తారు. ఎనిమిది, పదేళ్ల కారైతే అదే సన్‌రూఫ్ దగ్గర బేరం మొదలవుతుంది. ఎత్తు మనుషులు ఇంకోటి చూసుకోవాలి. సన్‌రూఫ్ యంత్రాంగం కప్పులో చోటు తింటుంది, తల పైన రెండు వేళ్ల సందు తగ్గుతుంది. షోరూంలో వెనక సీటులో తలపాగాతోనో జడకొప్పుతోనో కూర్చుని చూడండి.

పైన సరుకు కట్టుకునే అలవాటున్న ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. పనోరమిక్ గాజు మీద బుట్టలు మోపలేం. పక్క పట్టాలకు అడ్డకడ్డీలు బిగించినా కంపెనీ చెప్పిన బరువు మించకూడదు, ఆ కడ్డీల కింద గాజు తెరవనూ కూడదు. తోట నుంచి క్రేట్లు తెచ్చుకునే కుటుంబానికి డిక్కీ లోతు, వెనక సీటు మడిచే తీరు సన్‌రూఫ్ కంటే ఎక్కువ ముఖ్యం.

ఇన్ని వైపులా చూశాక నాకు స్పష్టమైంది ఇది. కోస్తాలో, మామిడి ఊళ్లలో, ఎండలో ఆపి ఉంచే కారుకు సన్‌రూఫ్ చివరగా చూడాల్సిన సౌకర్యం. ముందు ఆరు ఎయిర్‌బ్యాగులు, భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో వచ్చిన నక్షత్రాలు, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ, వెనక సీటుకు ఏసీ గాలి, నడిపేవాళ్ల ఒంటికి తగిన గేర్లు. ఇవన్నీ ఉన్న వేరియంట్‌లో సన్‌రూఫ్ తానుగా వస్తే సంతోషంగా తీసుకోండి, తూములు చూసుకోండి. దానికోసం వీటిలో ఏ ఒక్కటీ వదలకండి. పనోరమిక్, చిన్నది రెండూ ఎదురుగా ఉంటే నేను చిన్నదే తీసుకుంటాను, వెలుగును ఆపే గట్టి తెర ఉంటేనే. పక్కా షెడ్డు ఉండి, ఎక్కువగా ఉదయం సాయంత్రం తిరిగేవాళ్లకు లెక్క కొంత మారుతుంది. వాళ్లకు సన్‌రూఫ్ ఇచ్చే సంతోషం నిజమైనది.

ఆ సంతోషం నాకూ తెలుసు. జనవరిలో, పొద్దు పొడవకముందు, తోటలోకి వెళ్లే దారిలో గాజు కాస్త లేపి ఉంచితే పూత వాసన కారంతా నిండుతుంది. పక్క అద్దం దించితే చలిగాలి మొహాన కొడుతుంది. పైనుంచి వచ్చేది అలా కాదు, మెల్లగా దిగుతుంది. వెనక సీటులో అమ్మ తల వెనక్కి వాల్చి, దారికి రెండు వైపులా కలుసుకున్న కొమ్మల్ని చూస్తూ, ఏ చెట్టు బాగా పూసిందో, ఏది ఈసారి కాపు వదిలేసిందో చెబుతూ ఉంటుంది. పక్క కిటికీలోంచి ఆమెకు మొదళ్లే కనబడతాయి.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. పూత వాసన సంగతి కూడా దాచలేదు. విని, "అమ్మకు మోకాళ్లు నొప్పి మావయ్యా. తోటకు రోజూ వెళ్లేది అమ్మే. క్లచ్చి తొక్కలేకపోతోంది" అన్నాడు. ఆటోమేటిక్‌దే తీసుకున్నారు. తెల్ల రంగు. మొన్న కోతలకు వెళితే మా చెల్లెలు దాన్ని తనే నడుపుకుంటూ వచ్చింది. వెనక సీటు మడిచి చిన్నరసాల క్రేట్లు నాలుగు ఎక్కించుకుంది. చెట్టు కింద ఆపుతుందేమోనని చూశాను. లేదు, పంపు షెడ్డు గోడ నీడకే తీసుకెళ్లి ఆపింది.